గొలుసు తెగాకే మెలకువ!
తుంగభద్ర 19వ గేటు ఉదంతంలో పాలకులు చేసిందేమిటి.. అంతకుముందు చేయనిదేమిటి?
సరిహద్దుకు అటూ ఇటూ రెండు ఎమ్మిగనూర్లకూ అదే గుబులు

ఎమ్మిగనూరు (కంప్లి తాలూకా):
2024 ఆగస్టు 10, శనివారం. రాత్రి 11 గంటలు దాటింది. హొసపేటె దగ్గర తుంగభద్ర డ్యామ్ నిండుకుండలా ఉంది. సరిగ్గా అప్పుడే 19వ నంబరు గేటును పట్టి ఉంచిన గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న ఇనుప తలుపు నీళ్లలో కొట్టుకుపోయింది. ఆ ఒక్క కంతలోంచే 35 వేల క్యూసెక్కులు దిగువకు దూకాయి.

గేటు పోయిందంటే ఆయకట్టులో పుట్టే ప్రశ్నలు రెండే. ఊర్లోకి నీళ్లొస్తాయా? పొలానికి నీళ్లుంటాయా? మొదటిది ప్రాణం సంగతి. రెండోది బతుకు సంగతి. నదికి దగ్గరగా ఉన్న కంప్లి కోట వాసులు మొదటి ప్రశ్న వేసుకుంటే, వరి మీద బతికే ఎమ్మిగనూరు లాంటి ఊళ్లు రెండో ప్రశ్న వేసుకుంటాయి. విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. డ్యామ్‌ను కాపాడాలంటే నీళ్లు వదిలేయాలి. పంటను కాపాడాలంటే నీళ్లు నిలపాలి. అధికారంలో ఉన్నవాళ్లకు అసలైన పరీక్ష ఇలాంటి చోటే ఎదురవుతుంది.

ఎమ్మిగనూరు పేరుతో ఈ ప్రాంతంలో రెండు ఊళ్లున్నాయి. ఒకటి బళ్లారి జిల్లా కంప్లి తాలూకాలోని మన ఊరు. రెండోది కర్నూలు జిల్లాలోని చేనేత పట్టణం. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలో కలిపినప్పుడు గీసిన గీతే నేటికీ సరిహద్దు. గీత నేల మీద పడింది గానీ నీళ్ల మీద పడలేదు. దిగువ కాలువ (ఎల్లెల్సీ) బళ్లారి జిల్లాను తడుపుకుంటూ వెళ్లి అటు ఆదోని, ఎమ్మిగనూరు వైపు పారుతుంది. ఎగువ కాలువ (హెచ్చెల్సీ) అనంతపురం దాకా పోతుంది. ఎడమ గట్టు కాలువ కొప్పళ, రాయచూరు జిల్లాలకు. ట్రైబ్యునల్ లెక్క ప్రకారం తుంగభద్రలో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.5, రాజోలిబండ ద్వారా తెలంగాణకు 6.51 టీఎంసీలు. అంటే హొసపేటెలో ఒక గొలుసు తెగితే మూడు రాష్ట్రాల్లో గుండెలు జారతాయి.

ఆ రాత్రి ఏం చేశారు?

డ్యామ్‌కు మొత్తం 33 గేట్లు. ఒకటి పోయినప్పుడు మిగతా వాటిని మూసి ఉంచితే ఏమవుతుందోనన్న భయం ఇంజినీర్లది. నీటి ఒత్తిడి పక్క గేట్ల మీద పడి, వాటి గొలుసులు కూడా తెగితే? అందుకని మిగిలిన గేట్లు కూడా ఎత్తారు. దిగువకు విడుదల లక్ష క్యూసెక్కుల స్థాయికి చేరింది. నది ఒడ్డు ఊళ్లను అప్రమత్తం చేశారు. ఎకరాకు ఇంతని లెక్కపెట్టి వదిలే నీళ్లను చేతులారా నదిలోకి తోసేశారు. బాధగా ఉన్నా ఆ రాత్రికి అది సరైన నిర్ణయమే. ముందు డ్యామ్ నిలబడితే కదా, తర్వాత పంట మాట.

మరునాడే కర్ణాటక ఉప ముఖ్యమంత్రి, జలవనరుల శాఖ చూస్తున్న డీకే శివకుమార్ డ్యామ్‌కు వచ్చారు. 13న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చారు. అటు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఇంజినీర్ల బృందాన్ని పంపారు. ఏపీ మంత్రులు నిమ్మల రామానాయుడు, పయ్యావుల కేశవ్ కూడా వచ్చి చూశారు. విమర్శలు, ప్రతి విమర్శలు మామూలే. డ్యామ్ నిర్వహణ కర్ణాటక ఒక్కదాని చేతిలో లేదు. కేంద్రం నియమించే అధ్యక్షుడు, రాష్ట్రాల ప్రతినిధులు ఉండే తుంగభద్ర బోర్డుది ఆ బాధ్యత. కాబట్టి తప్పు ఎవరిదన్న చర్చకు కావలసినంత సందు దొరికింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నీళ్ల పంపకం అనగానే కత్తులు దూసుకునే రాష్ట్రాలు ఆ వారం మాత్రం ఒకే గేటు దగ్గర నిలబడి ఒకే పని చేయించాయి. ఇలాంటిది తరచూ కనిపించే దృశ్యం కాదు.

పారే నీళ్లలో తలుపు బిగింపు

మొదట అనుకున్న లెక్క వింటే రైతు గుండె ఆగినంత పనైంది. గేట్లు కూర్చునే గట్టు మట్టం 1613 అడుగులు. దాని మీద 20 అడుగుల గేటు. అంటే పూర్తి నీటిమట్టం 1633 అడుగులు. పోయిన గేటు చోట కొత్తది పెట్టాలంటే నీటిమట్టం 1613 దాకా దిగాలి. అలా దించితే 60 టీఎంసీలకు పైగా పోతాయన్నారు.

ఇంజినీర్ల భాష అందరికీ అర్థం కాదు కాబట్టి కాస్త విడమరుద్దాం. దాదాపు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ లెక్కన 19వ గేటు కంత ఒక్కటే రోజుకు 3 టీఎంసీలు మింగింది. లక్ష క్యూసెక్కులు వదిలితే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీల పైమాటే. ఆగస్టు అంటే నాట్లు పడే కాలం. ఖరీఫ్ వరికి ఇంకా మూడు నెలలకు పైగా నీళ్లు పారాలి. సోనా మసూరి నాటిన రైతుకు టీఎంసీల లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. కాలువలో నీటి ఎత్తు చూసి చెప్పేస్తాడు.

అప్పుడు రంగంలోకి దిగారు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు. వయసు ఎనభైకి దగ్గర. డ్యామ్ ఖాళీ చేయకుండానే, నీళ్లు పారుతుండగానే తాత్కాలిక గేటు దించుదామన్నారు. దాన్నే స్టాప్‌లాగ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే అడ్డుపలకలు. ఒక్కొక్కటి 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. ఇలాంటివి ఐదు ఒకదాని మీద ఒకటి పేరిస్తే 20 అడుగుల గేటు చోటు మూసుకుంటుంది. వీటిని హొసపేటె చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో, తోరణగల్లు జిందాల్ కర్మాగారంలో రేయింబవళ్లు తయారు చేశారు. పెద్ద క్రేన్లు తెచ్చారు. కింద సుడులు తిరిగే నీళ్లు. పైన ఇనుప పలకను గాల్లో వేలాడదీసి, గాడిలోకి అంగుళం అంగుళం దించే కార్మికులు. ప్రాణాలకు తెగించిన పని అంటే అదీ!

16వ తేదీ సాయంత్రం మొదటి పలక కూర్చుంది. 17న మిగతావి కూడా దిగాయి. వారం తిరగకుండానే నీళ్లు ఆగాయి. అప్పటికే 30 టీఎంసీలకు పైగా నది పాలయ్యాయి. అయినా 70 టీఎంసీల దాకా మిగిలాయి. వానలు కరుణించి సెప్టెంబరులో డ్యామ్ మళ్లీ నిండింది. సిద్ధరామయ్య మళ్లీ వచ్చి గంగమ్మకు బాగిన సమర్పించారు. పని చేసినవారికి సన్మానాలు జరిగాయి. ఖరీఫ్ గట్టెక్కింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది సుఖాంతమైన సినిమా కథే. కానీ వెనక్కి నడిస్తే వేరే కథ కనిపిస్తుంది.

అడ్డుపలక ఎందుకు లేదు?

తుంగభద్ర పనులకు 1945లో శంకుస్థాపన జరిగింది. అటు నిజాం రాజ్యం, ఇటు మద్రాసు రాష్ట్రం కలిసి మొదలుపెట్టిన పని. 1953 నాటికి డ్యామ్ నిలబడింది. సిమెంటు బదులు సున్నం, సుర్కీతో కట్టిన రాతి కట్టడం. రాయి గట్టిది. ఏడు దశాబ్దాలుగా చెక్కు చెదరలేదు. ఇనుము అలా కాదు. తుప్పు పడుతుంది, అరుగుతుంది, అలసిపోతుంది. ఇలాంటి గేట్ల ఆయుష్షు 45 ఏళ్లని నిపుణులే చెబుతారు. ఆ లెక్కన 20వ శతాబ్దం ముగిసేలోపే వీటి కాలం తీరింది. ఆ తర్వాత పాతికేళ్లు రంగులు వేస్తూ, గ్రీజు పూస్తూ నెట్టుకొచ్చారు. ఈ పాతికేళ్లలో రెండు రాష్ట్రాల్లోనూ అన్ని పార్టీలూ అధికారంలో కూర్చుని లేచాయి. కాబట్టి ఒక్కరి మీద వేలెత్తి లాభం లేదు.

ఇంకా పెద్ద విషయం.. తుంగభద్రకు సొంత అడ్డుపలకల ఏర్పాటే లేదు. చాలా డ్యామ్‌ల దగ్గర ఒక జత పలకలు గట్టు మీదే సిద్ధంగా ఉంటాయి. గేటు మరమ్మతు చేయాలన్నా, ప్రమాదం జరిగినా గంటల్లో దించేయొచ్చు. 33 గేట్ల డ్యామ్‌కు అలాంటివి ఒక్క జత కూడా లేవు. ఇంట్లో గ్యాస్ బండ అయిపోతే పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంటాం. డ్యామ్‌కు పక్కిల్లు ఎక్కడుంటుంది? అందుకే 2024 ఆగస్టులో కొలతలు తీసి, ఇనుము కోసి, వెల్డింగ్ చేసి, అన్నీ కొత్తగా చేయాల్సి వచ్చింది. ఆ వారం రోజుల ఆలస్యం ఖరీదే 30 టీఎంసీలు.

పైగా హెచ్చరిక ముందే వచ్చింది. 2021 ఆగస్టు 5న కృష్ణా నది మీద పులిచింతల ప్రాజెక్టులో 16వ గేటు ఇలాగే కొట్టుకుపోయింది. అక్కడ మిగతా గేట్లు ఎత్తి నీటిమట్టం దించాకే స్టాప్‌లాగ్ బిగించారు. కొత్త డ్యామ్‌కే ఆ గతి పడితే, డెబ్బై ఏళ్ల డ్యామ్ సంగతేమిటని ఆ రోజే ఎవరైనా హొసపేటె వైపు తిరిగి చూడాల్సింది. అదే ఏడాది నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. ఐదు గేట్లలో ఒకటి పని చేయలేదని తర్వాత పార్లమెంటులో కేంద్రమే చెప్పింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఎత్తాల్సిన గేటు ఎత్తుకోకపోతే అన్నమయ్య, నిలబడాల్సిన గేటు నిలబడకపోతే తుంగభద్ర. రెండింటికీ మూలం ఒకటే.. ఎండాకాలంలో చేయాల్సిన పని ఎండాకాలంలో చేయకపోవడం.

హొసపేటె వాసులకు బాగా తెలిసిన మరో సంగతి ఉంది. డ్యామ్‌లకు గేట్లు తయారు చేసే ప్రభుత్వరంగ కర్మాగారం ‘తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్’ వాళ్ల ఊళ్లోనే ఉండేది. నష్టాల పేరుతో దాన్ని మూసేయాలని 2015 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. తొమ్మిదేళ్లు తిరగకముందే అదే ఊరి డ్యామ్‌కు గేటు కావలసి వచ్చింది. కర్మాగారం లాభనష్టాల పుస్తకంలో ఈ నష్టాన్ని ఏ గడిలో రాయాలో?

మనుషుల సంగతీ అంతే. తుంగభద్ర పని ముగిసిన రెండు వారాలకే విజయవాడ ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గరి దిమ్మెలను ఢీకొన్నాయి. అక్కడికి పరుగెత్తిందీ కన్నయ్య నాయుడే! ఆయన అనుభవానికి దండం పెట్టాల్సిందే. అయితే ఎనభై ఏళ్ల పెద్దాయన ఒక్కరి మీద ఇన్ని డ్యామ్‌ల భారం పెట్టడాన్ని సంసిద్ధత అనగలమా? ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పాతికేళ్ల కుర్రాళ్లు ఎంతమంది? సన్మాన సభల్లో ఈ ప్రశ్న వినిపించలేదు.

డ్యామ్ మీదే చూపు పెడితే..

ఇంకో చిక్కుంది. వరద ఎప్పుడూ డ్యామ్ గేట్లలోంచే వస్తుందని రూలేమీ లేదు. 2009 అక్టోబరు మొదటి వారం గుర్తుందా? అప్పటి వాన ఎక్కువగా డ్యామ్‌కు దిగువనే కుండపోతగా పడింది. బళ్లారి, రాయచూరు, కర్నూలు ప్రాంతాలు మునిగాయి. హగరి (వేదావతి) పొంగి సిరుగుప్ప తాలూకాలో నదితో కలిసింది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం జలమయమైంది. భక్తులు మేడల మీదకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అక్టోబరు 2న కర్నూలు నగరం నీట మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద. ఆ డ్యామ్ తట్టుకోగలదని లెక్క వేసింది 19 లక్షలకే. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 అడుగులు దాటాయి.

అప్పటికి రోశయ్య ముఖ్యమంత్రి పదవి చేపట్టి నెలే అయింది. వైఎస్ హెలికాప్టర్ ప్రమాదం నుంచి రాష్ట్రం ఇంకా తేరుకోలేదు. శ్రీశైలం నిలబడింది, దిగువన విజయవాడ బతికింది. కర్నూలు మాత్రం మునిగింది. ఇటు కర్ణాటకలో యడియూరప్ప ప్రభుత్వం. ఉత్తర కర్ణాటకలో 200 మందికి పైగా చనిపోయారు. తర్వాత ముంపు ఊళ్లను ఎత్తయిన చోటికి మార్చేందుకు ‘ఆసరె’ పేరుతో ఇళ్లు కట్టించారు. ఇల్లు మారిస్తే ముంపు తప్పుతుంది, నిజమే. కానీ పొలం అక్కడే, గొడ్ల చావిడి అక్కడే, ఊరి దేవుడు అక్కడే. మనిషి ఎక్కడుంటాడు? కట్టే ముందు ఈ మాట అడిగి ఉంటే బాగుండేది.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2019 ఆగస్టు చాలు. డ్యామ్ నుంచి భారీగా నీళ్లు వదిలితే హంపీకి ఆవలి ఒడ్డున విరుపాపురగడ్డె దీవిలా మారింది. వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. కాపాడబోయిన పడవే బోల్తా పడింది. చివరికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. నీళ్లు వదులుతున్నామన్న కబురు ముందే ఉన్నా, చెవిన వేసుకున్నవారు తక్కువ. కంప్లి-గంగావతి వంతెన సంగతి సరేసరి. పైనుంచి పెద్ద నీళ్లు వచ్చినప్పుడల్లా మునగడం, రాకపోకలు ఆగడం, మంత్రులు వచ్చి ఎత్తయిన వంతెన కడతామనడం.. ఏళ్లుగా ఇదే తంతు.

చట్టం పుస్తకంలో.. ఊరు గట్టు మీద

కాగితం మీద మనకు లోటేమీ లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ముఖ్యమంత్రే అధ్యక్షుడు. జిల్లా స్థాయిలో జిల్లాధికారి అధ్యక్షుడు. పక్కన సహాధ్యక్షుడిగా ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి, అంటే జిల్లా పంచాయతీ అధ్యక్షుడు ఉండాలి. మరి కర్ణాటకలో 2021లో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు తీరాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. ప్రజల తరఫున మాట్లాడాల్సిన కుర్చీ ఖాళీ. ఆపద వేళ ఏ ఊరి దారి ఎప్పుడు మునుగుతుందో, ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉందో జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారికి ఎలా తెలుస్తుంది?

2021 డిసెంబరులో డ్యామ్ భద్రత చట్టం కూడా వచ్చింది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రతి పెద్ద డ్యామ్‌ను తనిఖీ చేయాలి. డ్యామ్ తెగితే ఏ ఊరికి ఎంత నీళ్లు వస్తాయి, ఎవరు ఎవరికి చెప్పాలి, జనాన్ని ఎటు తరలించాలి అన్నదానికి అత్యవసర ప్రణాళిక ఉండాలి. దిగువ జనానికి అది తెలియాలి. చివరి మాటే ముఖ్యం. బీరువాలో ఉన్న ప్రణాళిక వరదలో ముందుగా తడిసేది!

తెలిస్తే ఏమవుతుందో చూడండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1990 మేలో దాదాపు అంతటి తుపానే మళ్లీ వచ్చింది. ఈసారి ముందే హెచ్చరించి లక్షకు పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. ఒడిశాలో 1999 తుపానుకు దాదాపు పది వేల మంది బలైతే, 2013 ఫైలిన్‌కు లక్షల మందిని ముందే తరలించి మరణాలను పదులకు దించారు. గాలి అదే, సముద్రం అదే. మధ్యలో ఆశ్రయ భవనాలు లేచాయి, కబురు అందే దారులు పడ్డాయి, కదలనివాళ్లను కదిలించే మనుషులు తయారయ్యారు. ఎన్నికల సభలో చెప్పుకోవడానికి ఇవి పెద్దగా పనికిరావు. జరగని మరణాలకు ఎవరూ చప్పట్లు కొట్టరు కదా!

మన నది ఒడ్డుకు ఇవి సరిపోతాయా? 2023 అక్టోబరు 12న కర్ణాటకలో సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారి గట్టిగా మోగాయి. ఆపద సమయంలో హెచ్చరిక పంపే ఏర్పాటును పరీక్షించారు. మంచి పనే. కానీ కంప్లి, సిరుగుప్ప, గంగావతి చుట్టూ కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారి క్యాంపులు ఎన్ని లేవు! వాటిల్లో పెద్దవాళ్లకు కన్నడ మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. నాట్లకు, కోతలకు వచ్చే కూలీల్లో చాలామందికి ఏ భాషా చదవడం రాదు. ఫోన్ మోగితే చాలదు, మాట వినపడాలి. అందుకు పాత డంగురా ఇప్పటికీ పనికొస్తుంది. గుడి మైకు, మసీదు మైకు ఇంకా బాగా పనికొస్తాయి. పంచాయతీ పీడీఓ, ఊరి గ్రామలెక్కాధికారి, కాలువ లస్కరు.. ఈ ముగ్గురి నంబర్లు ప్రతి ఇంటి గోడ మీద ఉంటే రాత్రి 11 గంటలకు ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోనక్కర్లేదు. దీనికి టీఎంసీలు, కోట్లు అక్కర్లేదు. ఒక డబ్బా రంగు చాలు.

బిల్లు వచ్చింది రైతుకే

గేటు ఉదంతం తర్వాత పాలకులు కదలలేదని అనలేం. నిపుణుల కమిటీ వచ్చింది. 33 గేట్లూ మార్చాల్సిందేనని తేల్చింది. 2025 వానాకాలంలో డ్యామ్‌ను పూర్తిగా నింపలేదు. పాత గేట్ల మీద భారం పడకుండా 80 టీఎంసీల దగ్గరే నిల్వ ఆపారు. వచ్చిన వరదను వచ్చినట్టే కిందికి వదిలారు. భద్రత దృష్టితో తప్పు పట్టలేని జాగ్రత్త. ఆ తర్వాత, గేట్లు మార్చాలంటే డ్యామ్‌లో నీళ్లు తగ్గాలి కాబట్టి రెండో పంటకు నీళ్లివ్వబోమని 2025 నవంబరులో నీటిపారుదల సలహా సమితి సమావేశంలో తేల్చేశారు. డిసెంబరులో పాత గేట్లు తీసే పని మొదలైంది.

పని మొదలైనందుకు సంతోషించని రైతు ఉండడు. గేటు బాగుంటేనే తన మడి బాగుంటుందని అతనికి తెలుసు. అయితే లెక్క ఎవరి ఖాతాలో పడిందో చూడాలి. పాతికేళ్లుగా ప్రతి ఎండాకాలం రెండేసి గేట్ల చొప్పున మార్చుకుంటూ వచ్చినా, ఏ ఒక్క ఏడాదీ పంట ఆపకుండా 33 గేట్లూ ఎప్పుడో అయిపోయేవి. అలా చేయలేదు కాబట్టి రెండు రాష్ట్రాల ఆయకట్టు ఒకేసారి రెండో పంట వదులుకోవలసి వచ్చింది. సొంత భూమి ఉన్నవాడు ఒక పంటతో ఎలాగో సర్దుకుంటాడు. కౌలు రైతు పరిస్థితి వేరు. ఏడాది కౌలుకు ఒప్పుకొని పంట ఒకటే చేతికొస్తే ఎట్ల? నాటు కూలీకి ఆ నాలుగు నెలలు పనేది? ట్రాక్టరు కిస్తీ, వరికోత యంత్రం కిస్తీ ఆగవు కదా. బియ్యం మిల్లుల్లో హమాలీలకు బస్తాలు తగ్గితే కూలీ తగ్గుతుంది. ఇక్కడ పంట లేదంటే ఊరు ఊరంతా చల్లబడుతుంది.

తుపాను బాధితుడికి పరిహారం ఉంది. వరదలో ఇల్లు కూలితే పరిహారం ఉంది. కానీ ప్రభుత్వమే భద్రత కోసం నీళ్లు ఆపితే, నాటని పంటకు నష్టం ఏమిటని రెవెన్యూ పుస్తకం అడుగుతుంది. నాటితేనే కదా నష్టపోయేది! పది మంది భద్రత కోసం ఆయకట్టు రైతు ఒక కారు వదులుకున్నప్పుడు, ఆ భారాన్ని ఆ పది మందీ పంచుకోవడం న్యాయం. ప్రమాదం తప్పించడానికి పెట్టే ఖర్చులో ఇనుము ఖర్చు, క్రేన్ ఖర్చు ఉన్నట్టే కౌలు రైతు కిస్తీ, కూలీ బువ్వ కూడా ఉండాలి. గేట్ల టెండరు పత్రంలో ఆ వరుస లేదు.

కొత్త గేట్లతో పాటు ఈసారి అడ్డుపలకల జత కూడా డ్యామ్ గట్టు మీద శాశ్వతంగా ఉండాలి. వాటిని దించే క్రేన్ సిద్ధంగా ఉండాలి. ఏటా మే నెలలో ఒకసారి దించి చూసి, మళ్లీ ఎత్తి పెట్టాలి. ఆ రోజు ముఖ్యమంత్రులు రాకపోయినా ఫరవాలేదు. కంప్లి కోట నుంచి ఇద్దరు, రెండు ఎమ్మిగనూర్ల నుంచి ఇద్దరిద్దరు రైతులను పిలిచి గట్టు మీద నిలబెట్టి చూపిస్తే చాలు.